ఇరానీలను అరబ్బులని ఎందుకు అనకూడదు?

మీరు అడిగిన సంగతి నాకు అర్థమైనంతలో ఇది. దుబాయ్‌లో కొత్తగా చేరిన కార్యాలయంలో మీ పై అధికారి ఇరాన్ దేశస్థుడు, మీ పక్కన కూర్చునే సహోద్యోగి లెబనాన్‌కు చెందిన క్రైస్తవుడు. మాటల్లో మీరు "మీ అరబ్బుల్లో" అని అన్నప్పుడు ఇరానీ అధికారి నవ్వుతూనే, తాము అరబ్బులం కామని సవరించారు. లెబనాన్ ఆయన మాత్రం క్రైస్తవుడై ఉండి కూడా తాను అరబ్బునేనని చెప్పారు. ఇరాన్‌దీ అరబ్బులదీ ఒకే మతం, ఒకే లిపి, ఎదురెదురు తీరాలు అయినప్పుడు ఈ పట్టింపు ఎందుకు, ఇది ఉత్త అతిశయమా అన్నది మీ ప్రశ్న.

గల్ఫ్‌లో ఎగుమతి దిగుమతుల పనిలో ఉంటూ ఇరుపక్షాల వర్తకులతోనూ చాలాకాలం మెలిగినవాడిగా, హైదరాబాదులో కొంత ఫార్సీ, అంటే ఇరాన్ అధికార భాష, చదువుకున్నవాడిగా నాకు తెలిసినది చెబుతాను. అరబ్బు, ఇరానీ అనే రెండు గుర్తింపులనూ ఒకే గజంబద్దతో కొలవడం వల్లనే ఈ తికమక పుడుతుంది. అరబ్బు అనిపించుకోవడం ప్రధానంగా మాట్లాడే భాషను బట్టి ఉంటుంది. ఇరానీ అనిపించుకోవడం ఒక దేశాన్ని, ఆ దేశం తనదిగా చెప్పుకునే చరిత్రను బట్టి ఉంటుంది. రెండింటిలోనూ మతం పాత్ర ఉంది గాని, ఏ ఒక్కదాన్నీ మతం ఒక్కటే నిర్ణయించదు.

ముందు అరబ్బుల సంగతి చూద్దాం, ఎందుకంటే అది త్వరగా తేలిపోతుంది. అరబ్బీ మాతృభాషగా ఉండి, ఆ భాషా సంస్కృతిని తమదిగా భావించేవారిని అరబ్బులంటారు. 1945లో కైరోలో ఏర్పడిన అరబ్ లీగ్‌లో నేడు 22 సభ్యదేశాలున్నాయి. మొరాకో నుంచి ఒమన్ దాకా అందులో ఉన్నాయి గాని ఇరాన్ లేదు, తుర్కియే కూడా లేదు. అరబ్బుల్లో క్రైస్తవులు చాలామంది ఉన్నారు. అరబ్బు జాతీయవాదానికి సిద్ధాంత రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు, సిరియా, ఇరాక్‌లను ఏలిన బాత్ పార్టీ వ్యవస్థాపకుల్లో ఒకరు అయిన మిషెల్ అఫ్లక్ డమాస్కస్‌లో పుట్టిన గ్రీకు ఆర్థడాక్స్ క్రైస్తవుడు. కాబట్టి మీ లెబనాన్ మిత్రుడు చెప్పినదాంట్లో వింత ఏమీ లేదు. లెబనాన్ క్రైస్తవుల్లో కొందరు తమ మూలాలను ఆ తీరంలో ప్రాచీన కాలంలో ఉన్న ఫినీషియన్లతో ముడిపెట్టుకుని అరబ్బులనిపించుకోవడానికి ఇష్టపడకపోవడం కూడా ఉంది. అందువల్ల ఆయన చెప్పినదాన్ని ఆయన వరకే తీసుకోండి.

ఇక ఇరానీ అన్న మాట. ఇక్కడ బయటివారు రెండోసారి పొరబడతారు. ఇరానీలు అరబ్బులు కారని తెలుసుకున్నవారు, అయితే ఇరానీలందరూ పారశీకులు, అంటే ఫార్సీ మాతృభాషగా గలవారు, అన్నమాట అని తేల్చేస్తారు. ఇరాన్‌లో ఫార్సీ మాతృభాషగా గలవారు పెద్ద సమూహమే అయినా, వారితోపాటు తుర్కీ భాషా కుటుంబానికి చెందిన భాష మాట్లాడే అజెరీలు, కుర్దులు, లూర్లు, బలూచీలు, తుర్క్‌మెన్లు, కాస్పియన్ తీరంలోని గిలకీ, మాజందరానీ ప్రజలు, ఆర్మీనియన్లు, అస్సీరియన్లు, యూదులు, మన పార్సీల మతస్థులైన జొరాస్ట్రియన్లు, నైరుతి మూలనున్న ఖూజెస్తాన్‌లో అరబ్బులు కూడా ఉన్నారు. 2024లో అధ్యక్షుడిగా ఎన్నికైన మసూద్ పెజెష్కియాన్ తండ్రి అజెరీ, తల్లి కుర్దు. ఆయన పారశీకుడు కాకపోయినా ఇరానీయే. అంటే ఇరానీ అన్నది, భారతీయుడు అన్న మాటలాగే, పలు భాషల వారిని కలుపుకునే పేరు. బయటి ప్రపంచం చాలాకాలం ఆ దేశాన్ని పర్షియా అన్నందువల్ల ఈ తేడా మరుగున పడింది; అక్కడివారు ఎప్పటినుంచో వాడుకుంటున్న ఇరాన్ అనే పేరునే వాడమని 1935లో రెజా షా ప్రభుత్వం విదేశాలను కోరింది.

లిపి గురించి మీరు అడిగారు కనుక దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి. ఫార్సీని అరబ్బీ లిపిలోనే రాస్తారు, అయితే అరబ్బీలో లేని ప, చ, గ, ఝ (ఫ్రెంచి పలుకుబడిలోని మెత్తని ఝ) ధ్వనుల కోసం నాలుగు అక్షరాలను అదనంగా చేర్చుకున్నారు. అదే ఫార్సీని తజికిస్తాన్‌లో రష్యన్లు వాడే సిరిలిక్ లిపిలో రాస్తారు, అంతమాత్రాన తజిక్కులు రష్యన్లు కాలేదు. భాషా కుటుంబం చూస్తే అరబ్బీ హీబ్రూ, అరమాయిక్ భాషలతో కలిసి సెమిటిక్ కుటుంబానికి చెందుతుంది. ఫార్సీ సంస్కృతానికి దగ్గరి చుట్టం. అంకెలు లెక్కపెట్టి చూస్తే ఈ సంగతి చెవికే తెలుస్తుంది: ఫార్సీలో యెక్, దో, సె, చహార్, పంజ్, షెష్, హఫ్త్, హష్త్, నొహ్, దహ్ అంటారు, అరబ్బీలో వాహిద్, ఇథ్నాన్, థలాథా, అర్బఆ, ఖమ్సా అంటారు. ఫార్సీలో అరబ్బీ పదాలు లెక్కకు మిక్కిలిగా ఉన్న మాట నిజమే. కానీ తెలుగులో సంస్కృత పదాలు ఎన్ని ఉన్నా తెలుగు ద్రావిడ భాషగానే ఎలా మిగిలిందో, క్రియలు, విభక్తులు, వాక్యపు పోకడ మనవే ఎలా అయ్యాయో, అక్కడా అంతే. అరబ్బీ మాత్రమే వచ్చినవాడు టెహ్రాన్‌లో దుకాణాల బోర్డులను కూడబలుక్కుని చదవగలడు, సగం మాటలను గుర్తుపట్టగలడు కూడా. అయినా పక్కన నిలబడి మాట్లాడుకుంటున్న ఇద్దరి సంభాషణ మాత్రం అతనికి బోధపడదు.

ఇప్పుడు అసలు ఆసక్తికరమైన ప్రశ్న. ఏడో శతాబ్దంలో అరబ్బు సైన్యాలు ఈజిప్టును, సిరియాను, ఇరాక్‌ను, ఇరాన్‌ను ఇంచుమించు ఒకే కాలంలో జయించాయి. ఆనాడు ఈజిప్టు ప్రజలు కోప్టిక్ మాట్లాడేవారు, సిరియా, ఇరాక్ ప్రాంతాలలో అరమాయిక్ నడిచేది. ఈ ప్రాంతాలన్నీ కాలక్రమేణా అరబ్బీలోకి మారిపోయాయి. కోప్టిక్ నేడు చర్చి ప్రార్థనలకు పరిమితమైంది, పాశ్చాత్య అరమాయిక్ సిరియాలోని మాలూలా వంటి కొద్ది ఊళ్లలో కొన ఊపిరితో ఉంది. ఇరాన్ కూడా అదే విధంగా ఓడిపోయింది. ఖాదిసియా యుద్ధం సుమారు 636లో, నహావంద్ యుద్ధం 642లో జరిగాయి, ఇస్లాంకు ముందు ఇరాన్‌ను ఏలిన సాసానీ వంశపు ఆఖరి చక్రవర్తి మూడో యజ్దెగెర్ద్ 651లో మెర్వ్ దగ్గర హతుడయ్యాడు. తరువాతి రెండు మూడు శతాబ్దాల్లో ప్రజల్లో అత్యధికులు ఇస్లాం స్వీకరించారు. మతం మారినా భాష ఎందుకు మారలేదు?

దీనికి ఏక కారణం చెప్పేవారిని నమ్మకండి. నాకు సబబుగా తోచేవి కొన్ని ఉన్నాయి. అరేబియా ఎడారికి ఆనుకుని ఉన్న సిరియా, ఇరాక్‌లలోకి అరబ్బు తెగలు ఇస్లాంకు ముందునుంచే వచ్చి స్థిరపడ్డాయి. ఇరాన్ పీఠభూమిలో మాత్రం అరబ్బుల వలస ఈశాన్యాన ఉన్న ఖొరాసాన్ ప్రాంతంలోని మెర్వ్ వంటి సైనిక స్థావరాల చుట్టూనే ఎక్కువగా జరిగింది. సాసానీల కాలంనాటి దెహ్ఖాన్లు, అంటే గ్రామీణ భూస్వాముల వర్గం, కొత్త పాలకులకు పన్ను వసూలు చేసిపెడుతూ తమ స్థానాన్ని నిలబెట్టుకుని, పాత రాజుల కథలను తమ ఇళ్లలో చెప్పుకుంటూ వచ్చింది. తొమ్మిదో శతాబ్దం నుంచి బాగ్దాద్ ఖలీఫాల పట్టు సడలి, తూర్పున తాహిరీ, సఫ్ఫారీ, సామానీ వంశాలు లేచాయి. వీరిలో సఫ్ఫారీ వంశ మూలపురుషుడు యాఖూబ్ రాగిపని చేసుకుని బతికినవాడు. ఆయన విజయాన్ని పొగుడుతూ ఆస్థాన కవులు అరబ్బీలో పద్యాలు చదివినప్పుడు, నాకు అర్థం కాని భాషలో నన్ను పొగడటం దేనికని ఆయన అడిగాడనీ, దాంతో కవులు ఫార్సీలో అల్లడం మొదలుపెట్టారనీ సీస్తాన్ చరిత్ర గ్రంథం చెబుతుంది. కథలో కల్పన ఎంతో ఎవరు చెప్పగలరు గాని, పోషించే ప్రభువు భాష మారితే కవుల భాష మారడం మనకు తెలియని విషయమేమీ కాదు. ఆ తరువాత బుఖారాలో సామానీల ఆదరణలో ఫార్సీ రాజభాషగా, కావ్యభాషగా స్థిరపడింది. తూస్‌కు చెందిన ఫిర్దౌసీ 1010 ప్రాంతంలో ముగించిన షానామా కావ్యం ఇస్లాంకు పూర్వపు రాజుల గాథలను ముస్లిం పాఠకుల సొత్తుగా చేసింది. ముస్లింగా ఉంటూనే అరబ్బు కాకుండా ఉండవచ్చునన్నది ఆ కాలంలోనే అక్కడ ఆచరణలో రుజువైపోయింది.

అలాగని ఇరానీలు అరబ్బీని దూరం పెట్టారనుకుంటే అదీ తప్పే. అరబ్బీ వ్యాకరణానికి ప్రామాణికమైన తొలి మహాగ్రంథం రాసిన సీబవైహ్ పారశీకుడు. వైద్యుడు అల్ రాజీ టెహ్రాన్ పక్కనున్న రేయ్ వాడు. బుఖారా దగ్గర పుట్టిన ఇబ్న్ సీనా తన రచనల్లో అధిక భాగం అరబ్బీలోనే చేశాడు. వీరిని అరబ్బు శాస్త్రవేత్తలని పాఠ్యపుస్తకాలు రాయడం ఇరానీలకు కంటగింపుగా ఉంటుంది, ఆ కంటగింపులో న్యాయం ఉంది. అయితే అరబ్బీ ఆనాడు పండితులందరి ఉమ్మడి భాషగా లేకపోతే వారి పేర్లు అంత దూరం వెళ్లేవి కావన్నదీ అంతే నిజం.

మతం విషయంలో ఇంకొక చిక్కు ఉంది. షియా అంటే ఇరాన్, సున్నీ అంటే అరబ్బు అని టీవీ చర్చల్లో గీత గీసేస్తారు. ఇరాన్‌లో పదహారో శతాబ్దం దాకా సున్నీలే అధికం. 1501లో తబ్రీజ్‌లో గద్దెనెక్కిన సఫవీ వంశపు రాజు షా ఇస్మాయిల్ పన్నెండు ఇమాముల షియా మతాన్ని రాజ్యమతంగా ప్రకటించాడు. దాన్ని బోధించడానికి తగినంతమంది పండితులు దేశంలో లేక, సఫవీలు నేటి దక్షిణ లెబనాన్‌లోని జబల్ ఆమిల్ నుంచి అరబ్బు షియా పండితులను పిలిపించుకున్నారు. షియాల పన్నెండుగురు ఇమాములూ అరబ్బులే, వారి పవిత్ర క్షేత్రాలైన నజఫ్, కర్బలా ఇరాక్‌లో ఉన్నాయి, ఇరాక్ అరబ్బుల్లో షియాలే అధిక సంఖ్యాకులు. ఇరాన్ మతాచార్యుల్లో కొందరు నల్ల తలపాగా, కొందరు తెల్ల తలపాగా ధరించడం మీరు ఫొటోల్లో చూసే ఉంటారు. నల్ల తలపాగా ప్రవక్త వంశీకుడిననే దానికి చిహ్నం, అంటే తన తండ్రుల పరంపర అరేబియాదని చెప్పుకోవడమే. ఆ తలపాగా పెట్టుకున్న పెద్దమనిషి కూడా తనను అరబ్బు అంటే ఒప్పుకోడు. వంశం ఒకటి, తాను ఎవరన్నది మరొకటి.

ఈ గుర్తింపులకు నిజమైన పరీక్ష 1980 సెప్టెంబరులో వచ్చింది. ఇరాన్ మీద దండెత్తిన సద్దాం హుస్సేన్ ఆ యుద్ధానికి ఖాదిసియా పేరే పెట్టుకుని, అరబ్బులు పారశీకులను రెండోసారి ఓడిస్తున్నట్టు ప్రచారం చేశాడు. ఖూజెస్తాన్ అరబ్బులు తన సైన్యానికి స్వాగతం పలుకుతారని ఆయన లెక్క. వారిలో అధికులు అలా చేయలేదు. ఇరాక్ ఫిరంగులకు ముందుగా నాశనమైన ఖొర్రంషహర్, ఆబాదాన్ ఊళ్లు వారు కూడా నివసించే ఊళ్లే. అవతల టెహ్రాన్ వైపు కూడా ఒక లెక్క తప్పింది: ఇరాక్ షియాలు మతబంధం కొద్దీ తమవైపు తిరుగుతారని అక్కడి నాయకులు ఆశించారు గాని, ఇరాక్ సైన్యంలోని సిపాయిల్లో పెద్ద భాగం షియా అరబ్బులే, వారు ఎనిమిదేళ్లపాటు ఇరాన్ మీదే పోరాడారు. ఇక సిరియా, లిబియా అరబ్బు దేశాలై ఉండీ ఇరాన్ పక్షం వహించాయి. అంటే భాషాబంధం ఖూజెస్తాన్‌ను ఇరాన్ నుంచి విడదీయలేదు, మతబంధం షియాలు అధికంగా ఉన్న బస్రాను ఇరాక్ నుంచి విడదీయలేదు, సిరియా తన రాజకీయ ప్రయోజనాన్ని బట్టి నడుచుకుంది. ఖూజెస్తాన్‌లోని అహ్వాజ్‌లో పుట్టిన అరబ్బు అలీ షమ్‌ఖానీ తరువాతి కాలంలో ఇరాన్ రక్షణ మంత్రి అయ్యాడు, 2013 నుంచి 2023 వరకు ఆ దేశపు అత్యున్నత జాతీయ భద్రతా మండలికి కార్యదర్శిగా పనిచేశాడు. ఖూజెస్తాన్ అరబ్బులకు ఫిర్యాదులు లేవని దీని అర్థం కాదు. చమురు తమ నేల కింద ఉండి పేదరికం తమ ఇళ్లలో ఉందని, బడుల్లో తమ భాషకు చోటు లేదని వారు అంటూనే ఉన్నారు.

ఇరాన్ రాజ్యాంగంలోనే ఫార్సీకీ అరబ్బీకీ వేర్వేరు స్థానాలున్నాయి. 1979 విప్లవం తరువాతి రాజ్యాంగం 15వ అధికరణంలో ఫార్సీని అధికార భాషగా ప్రకటించి, 16వ అధికరణంలో ఖురాన్ భాష అయినందువల్ల అరబ్బీని ప్రాథమిక దశ దాటాక బడుల్లో నేర్పాలని చెప్పింది. ఇస్లామిక్ ప్రభుత్వం కూడా ఇస్లాంకు ముందునాటి కొత్త సంవత్సరపు పండుగ నౌరోజ్‌ను రద్దు చేయలేదు, సూర్యమానాన్ని వదులుకోలేదు. 2025 మార్చిలో వసంత విషువత్తుకు ఇరాన్‌లో 1404వ సంవత్సరం మొదలైన రోజున, అరబ్బు దేశాల చాంద్రమాన హిజ్రీ లెక్కలో 1446వ ఏడు నడుస్తోంది. లెక్క మొదలయ్యేది రెండింటికీ ప్రవక్త మక్కా నుంచి మదీనాకు వెళ్లిన సంవత్సరంతోనే. ఒకరు సూర్యుడిని, ఇంకొకరు చంద్రుడిని పట్టుకుని లెక్కించడం వల్ల ఇన్నేళ్ల తేడా వచ్చింది. ఇరాన్ నెలల పేర్లు ఫర్వర్దీన్, మెహ్ర్ వంటివి జొరాస్ట్రియన్ కాలపువి.

రాజకీయాల్లో ఈ తేడా ఎక్కడెక్కడ బయటపడుతుందో రెండు ఉదాహరణలు చాలు. 1973లో అరబ్బు చమురు దేశాలు అమెరికాకు సరఫరా ఆపివేసినప్పుడు ఇరాన్ ఆ నిషేధంలో చేరలేదు. 2010లో టెహ్రాన్‌లో జరగవలసిన ఇస్లామిక్ సంఘీభావ క్రీడలు, పతకాల మీదా చిహ్నాల మీదా పర్షియన్ గల్ఫ్ అనే పేరు ఉండటానికి అరబ్బు దేశాలు అభ్యంతరం చెప్పడంతో రద్దయ్యాయి. మీరు ఉంటున్న చోట ఆ సముద్రాన్ని అరేబియన్ గల్ఫ్ అంటారు, మీ అధికారి ఇంట్లో పర్షియన్ గల్ఫ్ అంటారు. ఉత్త గల్ఫ్ అని ఊరుకోవడం మీకు క్షేమం.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. కొందరు ఇరానీలు మీతో, తాము ఆర్యులమనీ అరబ్బులు ఎడారి తెగలనీ, తమ పతనమంతా వారి వల్లనే అనీ అంటారు. ఈ ధోరణి ప్రాచీనమైనది కాదు. పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా జాతి సిద్ధాంతాలను తలకెక్కించుకున్న మీర్జా ఆఖా ఖాన్ కిర్మానీ వంటి రచయితలతో అది బలపడింది, రెజా షా, ఆయన కొడుకు ఏలిన పహ్లవీల కాలంలో దానికి రాజాదరణ దొరికింది. ఆ కొడుకు మొహమ్మద్ రెజా షా 1965లో ఆర్యమెహ్ర్, అంటే ఆర్యుల సూర్యుడు, అనే బిరుదు కూడా తగిలించుకున్నాడు. నేటి ప్రభుత్వం మీద కోపం ఉన్నవారిలో కొందరికి అది మళ్లీ రుచిస్తోంది. అరబ్బుల్లో కూడా ఇరానీలందరినీ అజమ్, అంటే అరబ్బేతరులు, అని ఈసడించేవారు, ఇరాక్ షియాలను సైతం పారశీకులని తిట్టేవారు ఉన్నారు. ఇరానీలు అరబ్బులు కారన్నది వాస్తవం. కాబట్టి వారు మేలైనవారన్నది జాతి దురభిమానం. మొదటిది ఒప్పుకోవడానికి రెండోది ఒప్పుకోనక్కర్లేదు.

పైగా ఈ హద్దులు రాతిగోడలేమీ కావు. దుబాయ్‌లోనే అల్ ఫహీదీ పేటకు ఒక సాయంత్రం వెళ్లి చూడండి. గాలిని కిందికి లాగే ఎత్తైన గాలిగోపురాలతో ఉన్న ఆ ఇళ్లను ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ఇరాన్ తీరం వెనకనున్న బస్తక్ ఊరి నుంచి వచ్చిన వర్తకులు కట్టించుకున్నారు. అందుకే దానికి బస్తకియా అనే పేరుండేది. అలా వచ్చిన కుటుంబాల వారసులు నేడు కందూరా అనే పొడవాటి అంగీ తొడుక్కుని అరబ్బీ మాట్లాడే ఎమిరాతీ పౌరులు. ముత్తాత ఇరానీ, మునిమనుమడు అరబ్బు.

మన హైదరాబాదులో అయితే రెండు పక్షాలూ ఒకే ఊరిలో ఉన్నాయి. ఇరానీ చాయ్ హోటళ్లు పెట్టినవారు ఇరాన్ నుంచి వచ్చినవారు. మందీకి పేరుపడ్డ బార్కస్‌లో ఉండేవారు నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల సంతతి. కుతుబ్‌షాహీల పేష్వా, అంటే ప్రధానమంత్రి, మీర్ మొమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ వాడు, 1880ల దాకా నిజాం రాజ్యంలో ఫార్సీ అధికార భాషగా ఉంది. అందుకే మన దగ్గర నమాజు, రోజా, రంజాన్ అంటాం. మొదటి రెండూ ఫార్సీ మాటలు, మూడోది ఫార్సీ పలుకుబడిలోకి మారిన అరబ్బీ మాట. మీ కార్యాలయంలో అరబ్బులు సలాహ్, సౌమ్, రమదాన్ అనడం ఈపాటికి విని ఉంటారు. మీ అధికారితో మాట్లాడి చూడండి, ఆయన మనలాగే నమాజ్ అంటారు.

చివరగా మీ నిత్యవ్యవహారానికి పనికొచ్చేవి. సలాం అనే పలకరింపు ఇద్దరికీ చెల్లుతుంది. అరబ్బీలో కృతజ్ఞత చెప్పే షుక్రన్ అన్నది లెబనాన్ ఆయనకు అట్టేపెట్టండి. ఇరానీలు మామూలుగా ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న మెర్సీ అనే మాటతో కృతజ్ఞత చెబుతారు. ఇంటిపేరు చివర జాదే, పూర్, నెజాద్, యాన్ వంటివి కనిపిస్తే ఆ మనిషి ఇరానీ అయి ఉండే అవకాశం ఎక్కువ, అయితే యాన్ ఆర్మీనియన్ పేర్లలోనూ వస్తుంది. అరబ్బీలో వచ్చిన ఉత్తరాన్ని చదివిపెట్టమని మీ అధికారిని అడగకండి. బడిలో నేర్చుకున్న అరబ్బీ పరీక్షలతోనే పోయిందని చాలామంది ఇరానీలు తామే చెబుతారు. మార్చి 20, 21 తేదీల్లో నౌరోజ్ శుభాకాంక్షలు చెప్పండి. ఒకవేళ ఆయన అహ్వాజ్ నుంచో ఆబాదాన్ నుంచో వచ్చినవారని తరువాత తెలిస్తే, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడగండి. అక్కడి అరబ్బులు తాము అరబ్బులమనీ ఇరానీలమనీ ఒకే వాక్యంలో చెప్పగలరు.